ఇంటికీ పెట్టాలి థర్మామీటరు!

పిల్లాడి ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలితే చాలు, థర్మామీటరు కోసం అలమార అంతా వెతుకుతాం. నూట ఒకటా, నూట రెండా అన్నది కళ్ళారా చూస్తేగానీ మనసు కుదుటపడదు. అదే ఇల్లు ఇల్లంతా జ్వరమొచ్చినట్టు కాగిపోతుంటే మాత్రం 'అబ్బ, ఏం ఎండలమ్మా!' అనుకుని, ఫ్యాను ఐదు మీద పెట్టి ఊరుకుంటాం. ఎంత కాగుతోంది? ఏ గది కాగుతోంది? ఏ వేళప్పుడు? ఆ లెక్క ఎవరికీ పట్టదు.

పట్టకపోతే ఇప్పుడు నష్టం మనకే. ఎందుకంటే కొత్తగా ఇళ్ళు కట్టేవారు, ఫ్లాట్లు అమ్మేవారు, డాబా మీద వేసే పెయింట్లు అమ్మేవారు అందరూ ఒకటే మాట అంటున్నారు - 'పర్యావరణానికి హితమైన ఇల్లండీ, లోపల ఐదు డిగ్రీలు తగ్గుతుంది'. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఐదు డిగ్రీలు మధ్యాహ్నం రెండింటికా, రాత్రి పదింటికా? హాల్లోనా, వంటింట్లోనా? దేనితో పోలిస్తే ఐదు? ఎవరు కొలిచారు? ఈ ప్రశ్నలు అడిగి చూడండి. చాలామంది బ్రోచరు తిరగేస్తారు తప్ప జవాబు చెప్పరు. లక్షలు పోసి కొనేది మనం. రోజులో ఎక్కువసేపు ఆ గోడల మధ్య గడిపేదీ, చాలా ఇళ్ళలో, మనమే.

గ్రీన్ సర్టిఫికెట్ ఉందిగా అంటారు. ఆ సర్టిఫికెట్లలో నీటి పొదుపుకీ, చెత్త నిర్వహణకీ, వాడిన సామగ్రికీ, ఇంకా అనేక విషయాలకీ మార్కులుంటాయి. అవన్నీ మంచివే. అయితే మే నెలలో మీ పడకగది ఎంత వేడిగా ఉంటుందన్నది మాత్రం ఆ కాగితం చూసి చెప్పలేం. పదో తరగతిలో మొత్తం మార్కులు చూసి లెక్కల్లో ఎన్నొచ్చాయో చెప్పలేనట్టే!

45 ఫ్లాట్లలో ఏం తేలింది?

మన ఇళ్ళలో వేడిని నిజంగా కొలిచినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదులో మాధవి ఇంద్రగంటి అనే ఆర్కిటెక్టు, పరిశోధకురాలు 2008 వేసవి, వానాకాలాల్లో మూడు నెలలపాటు ఆ పనే చేశారు. సహజంగా గాలి ఆడే 45 ఫ్లాట్లు ఎంచుకున్నారు. గదిలో వేడి, తేమ, గాలి వేగం కొలవడం ఒకవైపు. 'ఇప్పుడు మీకెలా ఉంది? ఉక్కగా ఉందా, హాయిగా ఉందా? ఒంటి మీద ఏం బట్టలున్నాయి?' అని వందమందికి పైగా మనుషుల్ని అడగడం ఇంకోవైపు. అలా దాదాపు నాలుగు వేల సార్లు నమోదు చేశారు.

తేలిందేమిటంటే, ఆ ఇళ్ళలోవాళ్ళు 26 నుంచి 32.45 డిగ్రీల దాకా ఫర్వాలేదన్నారు. చలీ వేడీ లేకుండా సరిగ్గా ఉందనిపించింది 29.23 డిగ్రీల దగ్గర. అప్పటి జాతీయ భవన నిర్మాణ నియమావళి మాత్రం వేసవిలో 23-26 డిగ్రీలుంటేనే సుఖం అనేది. ఆ లెక్క పట్టుకుంటే ఏసీ లేని ఇల్లు ఏదీ పాస్ కాదు! తర్వాత 2016లో వచ్చిన నియమావళిలో, మనిషి తానుండే వాతావరణానికి అలవాటు పడతాడన్న సంగతికీ చోటిచ్చారు.

ఇదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. వేడిని 'ఫర్వాలేదు' అని ఒప్పుకునే గుణం ఆడవాళ్ళలోనూ, పెద్ద వయసువాళ్ళలోనూ, సొంతింటివాళ్ళలోనూ కాస్త ఎక్కువగా కనబడింది. ఆదాయం బాగా తక్కువగా ఉన్నవాళ్ళ విషయానికొస్తే, వాళ్ళ 'ఫర్వాలేదు' 27.3 నుంచి 33.1 డిగ్రీల దాకా వెళ్ళింది. చదివితే గర్వపడాలో బాధపడాలో తెలీదు. అందులో నిజంగా సుఖమెంత, గత్యంతరం లేక అలవాటు చేసుకున్నది ఎంత? 'నాకేం ఫర్వాలేదులే, మీరు కూలరు దగ్గర పడుకోండి' అనే ఇల్లాలి మాటని కొలబద్దగా పెట్టుకుంటే ఏ ఇల్లయినా చల్లటి ఇల్లే అవుతుంది. అందుకే మన ఓర్పుతో సంబంధం లేకుండా అంకె చెప్పే పరికరం ఒకటి ఇంట్లో ఉండాలి.

గాలి వేడి వేరు, కప్పు వేడి వేరు

పరికరమంటే పెద్ద ఖర్చేం కాదు. వేడినీ, గాలిలో తేమనీ రెండింటినీ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. రెండు కొనండి. ముందు రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే ఒకటి 31 అనీ, ఇంకోటి 31.8 అనీ చూపించవచ్చు. ఆ తేడా చీటీ మీద రాసి వెనక అంటించుకుంటే సరి, తర్వాత లెక్కలో తీసేయొచ్చు. ఒకటి గదిలో, మనిషి కూర్చున్న ఎత్తులో, గోడకి ఆనించకుండా పెట్టాలి. టీవీ పక్కనా, ఫ్రిజ్ మీదా వద్దు. రెండోది ఇంటి బయట, రోజంతా నీడ ఉండి గాలి ఆడే చోట. ఎండ తగిలిందా, అది చెప్పేది గాలి వేడి కాదు, ఎండలో కాగిన తన ఒంటి వేడి.

ఇక్కడ ఒక చిత్రం గమనిస్తారు. ఫ్యాను వేసినా మీటరులో అంకె తగ్గదు. ఫ్యాను గదిని చల్లబరచదు, మన ఒంటి చెమటని ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. మీటరుకి చెమట పట్టదు కదా! కాబట్టి 'ఫ్యాను వేసినప్పుడు హాయిగానే ఉందండీ' అన్నది ఇంటికి వచ్చిన మార్కు కాదు, ఫ్యానుకి వచ్చింది.

మరో తిరకాసు. కింద ఫ్లాటులోనూ 34 డిగ్రీలే, పై ఫ్లాటులోనూ 34 డిగ్రీలే అనుకోండి. అయినా పై ఫ్లాటులో పడుకుంటే తల మీద నిప్పుల కుంపటి పెట్టినట్టుంటుంది. కారణం స్లాబు. పగలల్లా ఎండ తాగిన కాంక్రీటు రాత్రికి ఆ వేడిని కిరణాల రూపంలో నేరుగా మన ఒంటి మీదికి పంపుతుంది. పొయ్యి పక్కన నిలబడితే గాలితో పని లేకుండానే చెంప కాలినట్టు. మామూలు థర్మామీటరు ఇందులో కొద్ది భాగమే పట్టుకుంటుంది.

దీన్ని పట్టుకోవడానికి పరిశోధకులు నల్ల రంగు వేసిన బోలు గోళంలో థర్మామీటరు పెట్టి చూస్తారు. మనం పిల్లల టేబుల్ టెన్నిస్ బంతితోనే చేసుకోవచ్చు. బంతికి చిన్న రంధ్రం చేసి, మెరుపు లేని నల్ల రంగు పూసి, వైరు చివర మొన ఉండే డిజిటల్ థర్మామీటరు మొనని బంతి మధ్యదాకా పోనిచ్చి, రంధ్రం మూసేస్తే సరిపోతుంది. దాన్ని గది మధ్యలో వేలాడదీయండి. మామూలు మీటరు 34, నల్ల బంతి 36 చూపించిందంటే ఆ గదిలో కప్పో, గోడో కాగుతూ మనల్ని కాలుస్తోందని అర్థం. రెండూ ఒక్కటే చూపిస్తే తప్పు గాలిది, అంటే కిటికీల సంగతి చూసుకోవాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే అనవసరపు ఖర్చులు ఎన్నో తప్పుతాయి.

తుపాకీలా గురిపెట్టి మీట నొక్కితే గోడ వేడి చెప్పే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు కూడా దొరుకుతాయి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినవి వద్దు, అవి ఒంటి జ్వరానికి చేసినవి. గోడలకీ, యంత్రాలకీ వాడే రకం కావాలి. సున్నం గోడా, సిమెంటు కప్పూ అయితే అది నిజమే చెబుతుంది. తళతళలాడే స్టీలు, అల్యూమినియం రేకుల మీద మాత్రం అబద్ధమాడుతుంది. కాగుతున్న రేకు కూడా చల్లగా ఉందంటుంది. అక్కడ ఒక నల్ల టేపు ముక్క అంటించి, కాసేపాగి, ఆ ముక్క మీద గురిపెట్టాలి. మెరిసే షీట్లు అమ్మేవారు దీనితో కొలిచి చూపిస్తే టేపు ముక్క అడగడం మరిచిపోకండి.

అసలు పరీక్ష రాత్రి పదింటికి

ఎప్పుడు కొలవాలి? మధ్యాహ్నం రెండింటికి కొలిచి ఊరుకుంటే ఇంటి గుణం సగమే తెలుస్తుంది. తెల్లవారుజామున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి - ఇలా నాలుగు వేళలా, కనీసం ఒక వారంపాటు పాలవాడి లెక్కలా కేలండరు మీద రాయండి. లోపలి అంకె, బయటి అంకె పక్కపక్కన.

అలా రాస్తే మన పాత ఇళ్ళ గురించి చెప్పుకునే కబుర్లలో కూడా నిజమెంతో తేలుతుంది. మందపాటి మట్టి గోడలు, పైన మట్టి పరిచిన రాయలసీమ మిద్దె మధ్యాహ్నం చల్లగా ఉంటుంది. ఎందుకంటే బయటి వేడి ఆ మందం దాటి లోపలికి రావడానికి గంటలు పడుతుంది. వచ్చేసరికి రాత్రవుతుంది! అందుకే మన పెద్దవాళ్ళు పగలు మిద్దె లోపల, రాత్రి ఆరుబయట నులకమంచం మీద గడిపేవారు. ఇల్లూ, ఆరుబయలూ కలిస్తేనే ఆ సుఖం. ఇప్పుడు తలుపులకి గడియలు పెట్టుకుని, కిటికీలు మూసుకుని లోపలే పడుకునే మనం 'మట్టి ఇల్లు కట్టుకుంటే చాలు, ఏసీ అక్కర్లేదు' అనుకుంటే పొరపాటే. మట్టి గోడ మంచిదే, కానీ రాత్రి గాలి లోపలికొచ్చి దాన్ని చల్లార్చాలి. తాటాకు ఇల్లు దీనికి పూర్తిగా వేరు. ఆకుల మధ్య చిక్కుకున్న గాలి ఎండని ఆపుతుంది, కప్పు తేలిక కాబట్టి పొద్దుగూకగానే చల్లారిపోతుంది. నిప్పు భయం, మళ్ళీ మళ్ళీ కొత్త ఆకు కప్పే చాకిరీ, అది వేరే సంగతి.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. అనంతపురం, హైదరాబాదు వైపు వేసవి రాత్రి బయట వేడి బాగా తగ్గుతుంది. అక్కడ బయటి మీటరు లోపలి మీటరు కంటే తక్కువ చూపించిన నిమిషం నుంచి కిటికీలు బార్లా తీయాలి. పొద్దున్నే మళ్ళీ బయటి అంకె ఎక్కువవగానే మూసి, తెరలు దించాలి. ఆ వేళలు మీ ఇంటికి సరిగ్గా ఎప్పుడో పట్టిక చెబుతుంది. విజయవాడ, కాకినాడ, విశాఖల్లో అలా కాదు. రాత్రీ పగలూ తేడా తక్కువ, తేమ ఎక్కువ. అక్కడ చల్లారే రాత్రే లేనప్పుడు మందపాటి గోడ చేసే ఉపకారం తక్కువ, గాలి ఆడటమే ప్రాణం. వట్టివేళ్ళ తడికలూ కూలర్లూ కూడా అంతే. పొడి ఎండలో అమృతం, కోస్తాలో ఉక్కపోత. థర్మామీటరు నాలుగు డిగ్రీలు తగ్గినట్టు చూపిస్తుంది, పక్కనే తేమ అంకె ఎనభై దాటి ఉంటుంది, ఒళ్ళు జిడ్డోడుతుంటుంది. తేమ అంకె చూడకుండా చల్లదనాన్ని నమ్మకూడదు.

కిటికీల విషయంలో ఒక మంచి కొలత ఉంది. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో 'ఎకో నివాస్ సంహిత' పేరుతో ఇళ్ళకి నియమాలు ప్రకటించింది. దాని ప్రకారం ఉక్కపోత ప్రాంతాల్లో ఫ్లాటు లోపలి వైశాల్యంలో ఆరో వంతు, హైదరాబాదు లాంటి మిశ్రమ వాతావరణంలో ఎనిమిదో వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు బయటి గాలికి తెరుచుకోవాలి. వెంటిలేటర్లూ, బాల్కనీ తలుపూ ఇందులో కలుపుకోవచ్చు. గుర్తుంచుకోవాల్సిన మాట 'తెరుచుకోవాలి'. పక్కకి జరిపే అద్దాల కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే. టేపు పట్టుకుని మీ ఇల్లు కొలవండి. 600 చదరపు అడుగుల ఫ్లాటుకి విజయవాడలో 100 చదరపు అడుగులు తేలాలి. తేలినా, దోమతెర లేకనో, ఎదురింటి బాల్కనీ భయానికో ఎప్పుడూ మూసి ఉంచే కిటికీని లెక్కలోంచి కొట్టేయండి.

కొలతలకి అందని గది

ఇంత చెప్పుకున్నా, వేడి కొలిచేవాళ్ళెవరూ ముందుగా వెళ్ళని గది ఒకటుంది. వంటిల్లు! హాలూ, పడకగదీ చూసి ఇల్లు చల్లగా ఉందని తేల్చేస్తారు. నల్ల బంతిని ఒకరోజు వంటింట్లో, మీరు నిలబడే చోట, మీ భుజమంత ఎత్తులో వేలాడదీయండి. పొయ్యి వెలిగించక ముందు ఒకసారి, కుక్కరు దించాక ఒకసారి, చపాతీలు అయ్యాక ఒకసారి చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి ఒకరోజు, వేయకుండా ఒకరోజు. ఫ్యాను ఆగిపోతే కొనడానికి ఏడాది వాయిదా వేసే ఇంటాయనకి ఈ పట్టిక చూపించి, 'ఏమండీ, మీ ఆఫీసులో ఇంత వేడి ఉంటే కూర్చుంటారా?' అని అడగొచ్చు.

వంటిల్లు ఏ దిక్కున ఉండాలన్న చర్చ మనకి కొత్త కాదు. ఎండ సంగతి వరకూ చూస్తే, మే రెండో వారానికి హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ తర్వాత కొన్నాళ్ళు కాస్త ఉత్తరానికే జరుగుతాడు. కాబట్టి మండు వేసవిలో దక్షిణం గోడ మనం అనుకునేంత కాగదు. కాగేవి తూర్పు, పడమర గోడలు, అన్నింటికంటే ఎక్కువగా కప్పు. పడమటి కిటికీ ఉన్న వంటింట్లో సాయంత్రం టిఫిను చేసేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

నెత్తి మీద మూడు ఇస్త్రీ పెట్టెలు

ఈ మధ్య గోడలకి తేలికపాటి ఇటుకలనీ, బూడిద ఇటుకలనీ తెగ ఆలోచించి, స్లాబుని మాత్రం బోడిగా వదిలేసే ఇళ్ళు ఎక్కువయ్యాయి. చెప్పులు కొని గొడుగు మరిచినట్టు! ఎకో నివాస్ సంహిత కప్పుకి ఒక హద్దు పెట్టింది. బయటా లోపలా ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరుకి 1.2 వాట్లకి మించి వేడి దిగకూడదు. ఆరంగుళాల బోడి స్లాబు గుండా ఇది మూడున్నర వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. 800 చదరపు అడుగుల ఇల్లు, అంటే సుమారు 75 చదరపు మీటర్ల కప్పు తీసుకోండి. పది డిగ్రీల తేడా ఉంటే బోడి స్లాబు నుంచి 2600 వాట్ల వేడి దిగుతుంది. అంటే ఇంచుమించు మూడు ఇస్త్రీ పెట్టెలు ఆపకుండా మీ నెత్తి మీద కాగుతున్నట్టు. నియమం పాటిస్తే ఒక్క పెట్టె.

రంగు మార్చినా చాలా తేడా వస్తుందనడానికి హైదరాబాదులోనే కొలిచిన రుజువుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు వాణిజ్య భవనాలు తీసుకుని, కప్పుకి తెల్ల పూత వేయక ముందూ వేశాకా కరెంటు కొలిచారు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, మామూలు కాంక్రీటు కప్పు తెల్లబడితే చదరపు మీటరుకి ఏడాదికి 13-14 యూనిట్లు, ఏసీ కరెంటులో 10-19 శాతం ఆదా అయింది. అది పొద్దస్తమానం ఏసీ నడిచే భవనం లెక్క. ఒక్క గదిలో రాత్రి మాత్రమే ఏసీ వేసుకునే ఇంటికి అంత డబ్బు మిగలదు, ఏసీ లేని ఇంటికి మిగిలేది డబ్బు కాదు, నిద్ర. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 సంవత్సరాలకి చల్లటి కప్పుల విధానం ప్రకటించి, 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యంగా పెట్టుకుంది. 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకి ఇది తప్పనిసరి. చిన్న ఇళ్ళవాళ్ళకి ఇష్టం.

ఆ పరిశోధకులు రెండు భవనాలు ఎందుకు తీసుకున్నారో గమనించండి. నిన్న పూత వేసి, ఇవాళ మూడు డిగ్రీలు తగ్గిందంటే ఆ ఘనత పూతదో, రాత్రి పడ్డ వానదో ఎలా తెలుస్తుంది? మీరు కూడా అంతే. మీ డాబాకి సున్నం వేస్తే, వేయని పక్కింటి డాబా కింద గదిలో రెండో మీటరు పెట్టమని అడగండి. పక్కింటి పిన్నిగారు ఒప్పుకోకపోతే మీ డాబాలోనే ఒక గది పైన వేసి, ఇంకో గది పైన వేయకుండా వారం చూడండి. తెల్లదనం దుమ్ముకి మాసిపోతుంది కాబట్టి, వేసవి మొదట్లో ఒకసారి కడిగి, కడగక ముందూ తర్వాతా కప్పు లోపలి వేడి రాసుకుంటే మళ్ళీ పూత ఎప్పుడు కావాలో కూడా తెలుస్తుంది.

ఇల్లు కొనేవాళ్ళని, అద్దెకి చూసేవాళ్ళని సాధారణంగా ఉదయం పదింటికి రమ్మంటారు. ఆ వేళకి ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో, సాయంత్రం ఆరు దాటాక వెళ్ళండి. కప్పు మీదా, పడమటి గోడ మీదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూడండి. అది లేకపోతే గోడకి అరచెయ్యి ఆనించండి. ఇప్పటికే అద్దెకుంటే, వారం పట్టికని ఇంటివాళ్ళ ముందు పెట్టండి. 'వేడిగా ఉందండీ' అంటే 'అందరికీ ఎండలే కదమ్మా' అంటారు. 'రాత్రి పదింటికి బయట 31, మా గదిలో 36, కప్పు 39' అన్న కాగితాన్ని అలా తీసిపారేయడం కష్టం. ఇక సున్నం డబ్బులు ఎవరు పెట్టుకోవాలన్నది ఆ తర్వాతి బేరం.